బొటనవేలికి లొంగని బెల్టు

ఇంటి వరండా
జూన్ 3

విడిభాగాల దుకాణంలో బెల్టుల కౌంటర్ చూసుకునే వారికి,

నమస్కారం. మీ దుకాణం సామాను పార్సిల్లో కూడా పంపుతుందని విని రాస్తున్నాను. నా దగ్గర పదిహేడేళ్ళ బాడుగ కారు ఉంది. పొద్దున్నే స్టార్టు చేయగానే వీధి వీధంతా ఉలిక్కిపడేలా కీచుమంటోంది. ఎదురింటి రిటైరు మాస్టారు అలారం పెట్టుకోవడం మానేశాడు. డైనమో బెల్టు పోయిందని తెలుస్తూనే ఉంది గానీ, దాని వీపు మీద నంబరు చెరిగిపోయింది. నంబరు లేకపోయినా సరైన బెల్టు తీసి ఇవ్వగలిగిన మనిషి మీ కౌంటర్లో ఒకరున్నారని నాకు తెలుసు.

నేను త్వరలో ఒక దూరప్రయాణం చేయాలి. ఈ కారులోనే చేయాలి. కాబట్టి కాస్త తొందరగా జవాబు రాయగలరు. ఫోన్ చేద్దామంటే అటువైపు నా నంబరుకి గంట మోగదు.

ఇట్లు,
ఒక కస్టమరు


దుకాణం, రెండో కౌంటర్
జూన్ 9

కస్టమరు గారికి,

మీ ఉత్తరం అందింది. చేతిరాత ఎవరిదో కూడా అర్థమైంది. కౌంటర్‌కి వచ్చిన ఉత్తరానికి జవాబు రాయడం నా ఉద్యోగం కాబట్టి రాస్తున్నాను.

కారు పేరు చెప్పగానే బెల్టు తీసి చేతిలో పెట్టేవాళ్ళ దగ్గర కొనకండి. అదే కారుకి ఏసీ ఉంటే ఒక పొడవు, లేకపోతే ఇంకో పొడవు. ముందు బెల్టు లోపలి వైపు గాడులు ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత పొడవు. పాత బెల్టు విప్పి, దాన్ని కొలిచి, అదే పొడవని కొత్తది కొంటారు చాలామంది. పాతది వాడగా వాడగా సాగి ఉంటుందని మర్చిపోతారు. అందుకని డైనమోని దాని పైబోల్టు జరిగే గాడిలో మూడోవంతు దాకా జరిపి, పుల్లీల చుట్టూ సాగని తాడు ఒకటి చుట్టి, కలిసిన చోట సిరాతో గుర్తుపెట్టి ఆ తాడు పంపండి. పాత బెల్టు కూడా పంపితే చూసి ఎందుకు అరిగిందో చెప్తాను. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ తీగ విప్పడం మర్చిపోకండి.

ఇట్లు,
కౌంటర్ నంబరు రెండు


ఇంటి వరండా
జూన్ 20

చెల్లీ,

"కస్టమరు గారికి" అన్నది చదివి మీ వదిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నాకు నవ్వు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నన్ను నువ్వు "మీరు" అనడం ఇదే మొదలు. నాన్న నిన్ను వాషర్ అని పిలిస్తే మొహం గుండ్రంగా పెట్టుకుని నా వీపు మీద గుద్దేదానివి. ఆ గుద్దే నయం.

గాడులు అయిదు. పాత బెల్టు పంపలేను. కింది బోల్టు తుప్పు పట్టి మొండికేసింది, నూనె పోసి నానబెట్టాను. అందుకే డైనమోని కదపకుండా, ఉన్న బెల్టు మీదుగానే తాడు చుట్టి కొలిచాను. పైబోల్టు గాడి చివరికంటా వెళ్ళిపోయి ఉంది. ఇంతకంటే వివరం ఇవ్వలేను, నీ తెలివి మీద భారం వేస్తున్నాను.

వీధి చివర మెకానిక్ ఉన్నాడుగా అంటావు. నాన్న షెడ్డులో పెరిగినవాణ్ణి, బెల్టు వేయించుకోవడానికి ఇంకొకడి ముందు నిలబడితే నామోషీ. ఇంకో సంగతి. నేను చేయాల్సిన దూరప్రయాణం నీ దగ్గరికే. అమ్మ గురించి నీకు ఒక మాట చెప్పాలి. ఉత్తరంలో రాసే మాట కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. వద్దనకు.

నీ అన్నయ్య


దుకాణం, రెండో కౌంటర్
జూన్ 27

మీకు,

తాడు అందింది. బెల్టు మీదుగా చుట్టారు కాబట్టి దాని మందం తీసేశాను. బోల్టు గాడి చివర ఉందన్నారు కాబట్టి సాగిన పొడవు కూడా తీసేశాను. అయిదు గాడుల బెల్టు ఇదే పార్సిల్లో పెట్టాను. డైనమోని ఇనపకడ్డీతో బయటికి ఎగదోసి పట్టుకుని పైబోల్టు బిగించాలి. బిగించాక రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకన్నా దిగితే వదులు, జారి కీచుమంటుంది. దిగకపోతే మరీ బిగుతు, డైనమో బేరింగు పోతుంది.

అమ్మ గురించి మీరు చెప్పాల్సింది తొమ్మిదేళ్ళ కిందటే చెప్పారు. నాన్న పోయాక షెడ్డు నేను నడుపుతానంటే, ఆడపిల్ల కారు కింద దూరితే జనం నవ్వుతారని తాళం వేసిన మనిషి మీరు. మీ గడప తొక్కనని వెళ్ళిపోయిన దాన్ని నేను. ఆ ఏడాదే అమ్మ ఆసుపత్రిలో చేరింది. నాకు కబురు లేదు. అమ్మ పోయాక ఎవరో చెబితే పరిగెత్తుకుని వస్తే, ఆసుపత్రి మెట్ల మీద నిలబెట్టి ఏమన్నారు? "అమ్మే వద్దంది. నీ మొహం చూడనంది. అందుకే చెప్పలేదు." ఇంకా చెప్పడానికి ఏం మిగిలింది? మీరు ఇక్కడికి రావద్దు. బెల్టు వేసుకుని మీ బాడుగలు మీరు చూసుకోండి.

కౌంటర్ నంబరు రెండు


ఇంటి వరండా
జూలై 14

చెల్లీ,

తిట్టినా పూర్తిగా తిట్టావు. చదివి మడిచి దాచుకున్నాను.

బెల్టు వేయడానికి నాలుగు రోజులు పట్టింది. నవ్వకు. కింది బోల్టు కోసం మాస్టారు వచ్చి పానా మీద కాలు పెట్టి తొక్కాడు. "నలభై ఏళ్ళు సుద్దముక్క పట్టిన మనిషినండీ, ఇవి నాకు తెలియవు" అంటూనే తొక్కాడు. బోల్టు కదిలింది, ఆయన చెప్పు తెగింది.

ఇప్పుడు అసలు గొడవ. నువ్వు చెప్పినట్టే బొటనవేలితో నొక్కాను. అర అంగుళం కాదు, అర నూలు కూడా దిగలేదు. బేరింగు పోతుందన్నావని కొంచెం వదులు చేశాను. దిగలేదు. ఇంకొంచెం వదులు చేశాను. అయినా దిగలేదు. స్టార్టు చేస్తే పాత బెల్టే నయమనిపించేలా అరుస్తోంది. లైట్లు వేస్తే ఆ అరుపు ఇంకా పెరుగుతోంది. డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతూనే ఉంది. ఏం చేయమంటావు? నాకు ఎక్కువ వ్యవధి లేదు.

అన్నయ్య


దుకాణం, రెండో కౌంటర్
జూలై 21

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నా బుర్ర పాడైంది. బిగుతుగా ఉన్న బెల్టు కీచుమనడమేమిటి? నాకు తట్టింది ఒక్కటే, బెల్టు ఒక గాడి పక్కకి జరిగి కూర్చుని ఉంటుంది. నీకు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ. చొక్కా గుండీలు కూడా ఒకటి తప్పించి పెట్టుకుని బడికి వెళ్ళేవాడివి. అయిదు గాడులూ అయిదింట్లోనూ కూర్చున్నాయో లేదో టార్చి వేసి చూడు.

నా కొలత తప్పిందేమో అని కూడా అనుమానం వచ్చింది. నాన్న షెడ్డులోనూ ఇక్కడా కలిపి ఇరవై ఏళ్ళలో నేను ఇచ్చిన బెల్టు వెనక్కి రాలేదు. అయినా ఒక సైజు పెద్దది పంపుతున్నాను. బొటనవేలితో పాటు ఇంకో పరీక్ష చెయ్యి. బెల్టుని రెండు వేళ్ళతో పట్టుకుని మెలిపెడితే పావు చుట్టు తిరగాలి. రెండూ చూసి రాయి.

వ్యవధి లేదని దేనికి రాశావు? ఎవరు తరుముతున్నారు నిన్ను? రావద్దన్న మాట అలాగే ఉంది.

చెల్లి


ఇంటి వరండా
ఆగస్టు 8

చెల్లీ,

"మీరు" పోయి "నువ్వు" వచ్చింది. మీ వదినకి చూపించాను.

గాడులు సరిగ్గానే ఉన్నాయి, మాస్టారు తన కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. నీ పెద్ద బెల్టు వేశాను. ఈసారి వారం పట్టింది. బొటనవేలితో నొక్కితే దిగలేదు. మెలిపెడితే పావు చుట్టు కాదు కదా, కదలనైనా కదల్లేదు. సరే, బిగుతుగానే ఉందిలే అని స్టార్టు చేస్తే రెండు నిమిషాలకి బెల్టు ఊడి కింద పడింది. దిగని బెల్టు, తిరగని బెల్టు, ఊడి ఎలా పడుతుంది? నువ్వే చెప్పు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నేను రాకూడదని కావాలనే తప్పు బెల్టులు పంపడం లేదు కదా? అడగకూడదనే అనుకున్నాను. కానీ రోజులు అయిపోతున్నాయి, నా కారు వాకిట్లోనే ఉంది.

అన్నయ్య


దుకాణం, రెండో కౌంటర్
ఆగస్టు 16

అన్నయ్యా,

నీ ఆఖరి ప్రశ్న చదివి ఉత్తరం చింపేయబోయాను. నీ మీద పగ ఉంటే ఉత్తరంలో తిడతానేమో గానీ బెల్టుకి అబద్ధం అంటగట్టను. అది నాన్న దగ్గర నేర్చుకున్న పని.

తర్వాత మధ్యాహ్నం కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు నీ ఉత్తరాలన్నీ వరసగా పరిచాను. నాలుగు ఉత్తరాలు. మొదటిదాంట్లో అక్షరాలు గీత మీద నిలబడి ఉన్నాయి. రెండోదాంట్లో వంగాయి. మూడోదాంట్లో పెన్ను రెండుచోట్ల జారింది. నిన్న వచ్చినదాంట్లో నీ సంతకం నీది కాదు. బోల్టు విప్పడానికి మాస్టారు కావాల్సి వచ్చింది. బెల్టుకి నాలుగు రోజులు, తర్వాత వారం. మన షెడ్డులో లారీ చక్రాల నట్లు ఒంటిచేత్తో విప్పినవాడివి నువ్వు.

బెల్టులో తప్పు లేదు. నా కొలతలోనూ లేదు. ఒక పని చెయ్యి. నేను మొదట పంపిన బెల్టు వేసి ఉంచి, మాస్టారుని పిలిచి ఆయన బొటనవేలితో నొక్కించు. ఎంత దిగిందో ఉన్నది ఉన్నట్టు రాయి. నీకు నాన్న మీద ఒట్టు.

నీ చేతులకి ఏమైంది అన్నయ్యా?

చెల్లి


ఇంటి వరండా
ఆగస్టు 25

చెల్లీ,

మాస్టారు నొక్కాడు. ఒకటిన్నర అంగుళం దిగింది.

ఆయన వేలు అలా దిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. బెల్టు గట్టిగా ఉందని నేను నిజంగానే అనుకున్నాను, నమ్ము. వేళ్ళలో బలం తగ్గిందని తెలుసు గానీ, రబ్బరుముక్క కూడా లొంగనంత తగ్గిందని తెలియదు.

పోయిన ఏడాది చివర్లో తాళంచెవి తిప్పలేకపోవడంతో మొదలైంది. నరాల డాక్టరు చాలా పరీక్షలు చేసి, మందు లేదని చెప్పాడు. ముందు చేతులు, తర్వాత నాలుక, తర్వాత ఊపిరి అట. మార్చి నుంచి బాడుగలు మానేశాను. గుండీలు మీ వదినే పెడుతోంది, ఇప్పుడు ఒక్కటి కూడా తప్పడం లేదు. చేతులు పూర్తిగా పోకముందు ఒక్కసారి నేనే కారు నడుపుకుని నీ వాకిట్లో దిగాలనుకున్నాను. స్టీరింగ్‌కి మోచేతులు చాలనుకున్నాను. నీతో చెప్తే జాలితో రానిస్తావు. జాలి వద్దనుకున్నాను. ఈ పేజీ రాయడానికి రెండు రోజులు పట్టింది.

అన్నయ్య


దుకాణం, రెండో కౌంటర్
సెప్టెంబరు 12

అన్నయ్యా,

క్షేమంగా చేరాను. ఉత్తరం అందిన మర్నాడే బస్సెక్కి నీ గుమ్మంలో నిలబడితే, నువ్వు లేచి నిలబడడానికి పడ్డ అవస్థ చూసి దారి పొడవునా దాచుకున్న తిట్లన్నీ మర్చిపోయాను. గడప తొక్కనన్న మాట కూడా లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగాకే గుర్తొచ్చింది.

బెల్టు బిగించడానికి నాకు నలభై నిమిషాలు. నువ్వు పక్కన స్టూలు వేసుకుని "ఇంకొంచెం ఎగదొయ్యి" అని నాన్నలా పెత్తనం చేశావు. నా వేలికి అర అంగుళం సరిగ్గా దిగింది. స్టార్టు చేస్తే చప్పుడే లేదు. మాస్టారు పాపం నిరాశపడ్డాడు, ఇక మళ్ళీ అలారం పెట్టుకోవాలన్నాడు. తర్వాత నేను నడపడం, నువ్వు పక్క సీట్లో కూర్చుని ప్రతి మలుపు దగ్గరా లేని బ్రేకు తొక్కడం. అంత నవ్వు నవ్వి ఎన్నేళ్ళయిందో. వదిన నీకు అన్నం తినిపిస్తుంటే మాత్రం చూడలేక చెయ్యి కడుక్కునే నెపంతో లేచి వెళ్ళాను.

అమ్మ గురించి ఏదో చెప్పాలన్నావు. రెండు రోజులున్నాను, నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. వదిలెయ్ అన్నయ్యా. అమ్మ నన్ను చూడనంది. కన్నతల్లి అంత మాట అనడానికి నేను ఎంత బాధపెట్టానో అని ఇన్నేళ్ళు నన్ను నేను తిట్టుకున్నాను. ఇప్పుడు అలవాటైపోయింది. నువ్వు దాన్ని కదపనక్కర్లేదు.

చెల్లి


ఇంటి వరండా
అక్టోబరు 2

చెల్లీ,

ఇది మీ వదిన రాత. మాటలు నావి. కొన్ని మాటలు మింగేసినట్టు వస్తున్నాయి, ఆవిడ రెండోసారి అడిగి రాస్తోంది.

నీ ఉత్తరం విన్నాక ఇక దాచలేను. అమ్మ నిన్ను వద్దనలేదు.

ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ నీ కోసమే అడిగింది. మీ వదిన అప్పుడు పుట్టింట్లో ఉంది, మంచం పక్కన నేనొక్కణ్ణే. కళ్ళు తెరిస్తే "వచ్చిందా?" అనేది. నేను "కబురు పెట్టాను, బయల్దేరింది" అనేవాణ్ణి. కబురు పెట్టలేదు. నా గడప తొక్కనన్న మనిషిని నేనెందుకు పిలవాలని మొండికేశాను. మామూలు జ్వరమే, రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు, అప్పుడు చూద్దాంలే అనుకున్నాను. నాలుగో రోజు అమ్మ తలుపు వైపు తిరిగి పడుకుంది. బస్సు ఆలస్యమేమో అంది. మళ్ళీ మాట్లాడలేదు.

నువ్వు మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వస్తుంటే భయపడ్డాను. నేను పిలవలేదని చెప్పే ధైర్యం లేక తప్పు అమ్మ మీదికి తోశాను. తర్వాత ఒక్కరోజులో సరిదిద్దవచ్చనుకున్నాను. రోజు నెలయింది, నెల ఏళ్ళయింది. మొన్న నువ్వు వచ్చి బెల్టు బిగిస్తూ నవ్వుతుంటే చెప్పబోయి రెండుసార్లు నోరు తెరిచాను. ఆ నవ్వు పోగొట్టడం నా వల్ల కాలేదు.

నన్ను క్షమించమని అడగను. అమ్మని మాత్రం తప్పుగా అనుకోకు.

అన్నయ్య

(వదినని. ఈ సంగతి నాకూ ఇవాళే తెలిసింది. చివరి నాలుగు వాక్యాలు రాయడానికి ఆయనా ఆగాడు, నేనూ ఆగాను. నీకు ఎంత కోపం వచ్చినా న్యాయమే. ఆయన మాట ఈ వారం నుంచి నాకూ సరిగ్గా అర్థం కావడం లేదు.)


దుకాణం, రెండో కౌంటర్
అక్టోబరు 10

అన్నయ్యా,

ఉత్తరం కౌంటర్ దగ్గరే విప్పాను. ఎదురుగా ఎవరో బెల్టు అడుగుతున్నాడు. అతనికి ఏం ఇచ్చానో తెలియదు, వెనక్కి తెస్తే మార్చి ఇవ్వాలి.

తొమ్మిదేళ్ళుగా ఇంట్లో అమ్మ ఫోటో పెట్టుకోలేదు నేను. చూడనన్న మనిషిని నేనెందుకు చూడాలని పెట్టె అడుగున బోర్లా పెట్టాను. నా పుట్టినరోజున కూడా తీయలేదు. ఆవిడేమో నాలుగు రోజులు తలుపు వైపు చూసింది. ఇది నువ్వు చేశావు. ఇంకెవరూ కాదు, జ్వరం కాదు, బస్సు కాదు. నువ్వు చేశావు అన్నయ్యా. నిన్ను క్షమించానని రాస్తే అబద్ధం. నీ ఒళ్ళు ఇలా అయిందని కోపం తగ్గించుకోలేను. గట్టిగా అరవాలని ఉంది, ఎదురుగా నువ్వు లేవు. ఏడుద్దామంటే ఎవరి కోసం ఏడుస్తున్నానో తెలియడం లేదు.

ఆదివారం పొద్దున వస్తున్నాను. సెలవు పెట్టాను, ఎన్నాళ్ళో రాయలేదు. అమ్మ ఆఖరి నాలుగు రోజులు ఈ లోకంలో ఒక్క నీ దగ్గరే ఉన్నాయి. అవి నావి, నాకు ఇచ్చెయ్. పక్కన కూర్చుంటాను, మొదటి రోజు నుంచి చెప్పు. ఏం తాగింది, ఏ చీర కట్టుకుంది, ఎన్నిసార్లు అడిగింది, ఏ గొంతుతో అడిగింది. ఒక్క ముక్క వదలకూడదు. మాట రాకపోతే మళ్ళీ అడుగుతాను, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పిస్తాను. అదంతా నాకు చెప్పేదాకా నువ్వు ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు.

చెల్లి